చిటికెన వేలి సంగతి ఎవరూ అడగరు

షూ షాపుల్లో ఒక తంతు ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. కాలికి షూ తొడిగి, లేసులు కట్టి, లేచి నిలబడమంటారు. షాపు అబ్బాయి వంగి, ముందువైపు బొటనవేలి కొస దగ్గర నొక్కి చూస్తాడు. "అర ఇంచు గ్యాప్ ఉంది మేడమ్, పర్ఫెక్ట్ సైజ్" అంటాడు. ఆబిడ్స్, హిమాయత్‌నగర్, అమీర్‌పేట, మాల్స్ అన్నీ కలుపుకుంటే పాతిక షాపుల్లోనైనా నాకు ఈ తంతు జరిగి ఉంటుంది. ఒక్కరు కూడా పక్కన, చిటికెన వేలి దగ్గర నొక్కి చూడలేదు.

నా తిప్పలన్నీ అక్కడే. నా పాదం వెడల్పు, పైగా చదును. ఏ షూ తొడిగినా పది నిమిషాల్లో చిటికెన వేలు ఒరుసుకోవడం మొదలవుతుంది. ఇరవై నిమిషాలకు తిమ్మిరి. ఇంటికొచ్చి విప్పితే వేలి పక్కన ఎర్రటి గీత, నాలుగు రోజులకు అక్కడే పొక్కు. కొత్త చెప్పు కరిచిందంటాం కదా, అది వారం కరిచి ఊరుకుంటుంది. నా షూలు మాత్రం అరిగిపోయి అవతల పారేసే రోజు దాకా కరుస్తూనే ఉండేవి. పాత జతలన్నీ ఒకేచోట చిరిగేవి, చిటికెన వేలు బయటికి పొడుచుకొచ్చే చోట, రూపాయి బిళ్లంత బొక్క.

పోయిన నెల మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వ్యాసం పెట్టారు, ఫ్లాట్ ఫుట్ ఉన్నవాళ్లు జిమ్‌కి ఎలాంటి షూ కొనుక్కోవాలో చెబుతూ. నా సంగతి తెలిసినవాళ్లు నలుగురు నన్ను ట్యాగ్ చేశారు. చదివాను. ఆర్చ్ సపోర్ట్, అంటే పాదం వంపు కింద పెట్టే ఆసరా, ఆ మాట ప్రతి పేరాలోనూ ఉంది. వెడల్పు అన్న మాట కోసం రెండోసారి చదివాను, ఒక్కచోటా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. మాలాంటి పాదాలవాళ్లకు లోకమంతా పాదం కింద గుబ్బ అమ్ముతోంది, మాకేమో ముందు పక్కన చోటు కావాలి. ఈ మాట అందరికీ వర్తించదు. వర్తించని ఒకావిడ మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంది, ఆవిడ సంగతీ చెబుతాను.

షాబాదు బండల మీద తడి అడుగులు

చిన్నప్పుడు మేముండే ఇంటి వరండాకి షాబాదు బండలు పరిచి ఉండేవి. స్నానం చేసి తడికాళ్లతో అటు పరిగెడితే అడుగులు అచ్చుగుద్దినట్టు పడేవి. అక్క అడుగు ముందు ఒక ముద్ద, వెనక ఒక ముద్ద, రెంటినీ కలుపుతూ సన్నటి గీత. కృష్ణాష్టమి నాడు గడప దగ్గర్నుంచి దేవుడి గది దాకా పిండితో వేసే చిన్ని పాదాల్లాగే ఉండేవి. నావి ఇటుకలు పేర్చినట్టుండేవి. నాయనమ్మ వాటిని చూసి "దీని అడుగు కింద చీమ కూడా బతకదే" అని నవ్వేది. ముద్దుగానే అనేది లెండి. నేను మాత్రం చాలా ఏళ్లు బాత్రూం నుంచి కాళ్లు తుడుచుకునే బయటికొచ్చాను.

ఫిజియోథెరపీ వాళ్లు తడికాలి పరీక్ష అని చేయించేది సరిగ్గా ఇదే. కాగితం మీద తడి పాదం మోపి అచ్చు చూడటం. కాకపోతే ఆ అచ్చు చూసి ఏమనుకోవాలన్న దగ్గరే పేచీ. మన బుర్రల్లో ఫ్లాట్ ఫుట్ అంటే లోపం. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ తీసి చూడండి, ఉండకూడని వాటి జాబితాలో మెల్లకన్ను పక్కన అదీ ఉంటుంది. పుట్టిన పిల్లలందరి పాదాలూ చదునుగానే ఉంటాయి, మొదటి పదేళ్లలో మెల్లగా వంపు తేలుతుంది, కొందరికి తేలదు. అలా తేలనివాళ్లలో ఎక్కువమందిది మెత్తని రకం. కూర్చుని కాలు వేలాడేస్తే వంపు కనబడుతుంది, నిలబడితే మాయమవుతుంది, మునివేళ్ల మీద లేస్తే మళ్లీ కనబడుతుంది. నాదీ అదే. నొప్పి లేనంతకాలం ఈ రకానికి వైద్యమంటూ పెద్దగా అక్కర్లేదు.

నిలబడ్డప్పుడు వంపు మాయమవుతుందంటే అది ఎటో పోవాలిగా? పాదం కిందికి దిగి, కాస్త పొడుగై, పక్కలకు పరుచుకుంటుంది. నేను కొలుచుకున్నాను. కూర్చుంటే వేళ్ల మొదట్లో 9.7 సెంటీమీటర్లు, నిలబడితే 10.1. నాలుగు మిల్లీమీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. షూలో చిటికెన వేలికి అదే లెక్క.

గుబ్బ

మూడేళ్ల కిందట షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ గారు నడక, బరువులు రెండూ మొదలుపెట్టమన్నారు. తార్నాకలో మా వీధి చివర జిమ్‌లో చేరాను. మొదటి రోజే ట్రైనర్ అబ్బాయి నన్ను స్క్వాట్ చేయమని, నా కాళ్ల వంక చూసి, "అక్కా, మీది ఫ్లాట్ ఫుట్ గదా. ఆర్చ్ సపోర్ట్ లేకుంటే మోకాళ్లు పోతయ్. మళ్ల నన్ననొద్దు" అన్నాడు. నలభై దాటినవాళ్లను భయపెట్టడానికి మోకాళ్లు అన్న మాట ఒక్కటి చాలు.

ఆ ఆదివారమే ఒక మాల్‌కి వెళ్లాను. అక్కడి షాపులో ఒక యంత్రం ఉంది. అద్దం పలక మీద చెప్పుల్లేకుండా నిలబడితే తెర మీద పాదం బొమ్మ రంగుల్లో వస్తుంది. నాది వచ్చింది, మొత్తం ఎరుపు, పసుపు. "ఎర్రగా ఉన్నదంతా ప్రెషర్ మేడమ్, ఇలాగే వదిలేస్తే నడుము దాకా పోతుంది" అన్నాడు సేల్స్ కుర్రాడు. తర్వాత ఎప్పుడో ఆలోచిస్తే నవ్వొచ్చింది. నేల మీద నిలబడ్డ పాదం మీద ప్రెషర్ కాక ఇంకేముంటుంది? ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. పదకొండు వేల స్టెబిలిటీ షూ, అందులో వేసుకోవడానికి రెండువేల ఎనిమిది వందల ఇన్‌సోల్ కొనుక్కుని బయటపడ్డాను.

స్టెబిలిటీ షూలో లోపలివైపు నురుగు కాస్త గట్టిగా పెడతారు, లేదా అంచులు ఎత్తుగా పెడతారు, పాదం లోపలికి వాలకుండా. ఇన్‌సోల్‌లో అయితే వంపు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ గుబ్బ. నేను గమనించనిది, షాపులో ఎవరూ చెప్పనిది ఒకటుంది. మందమైన ఇన్‌సోల్ వేస్తే పాదం పైకి లేస్తుంది. షూ పైభాగం అలాగే ఉంటుంది. లోపల చోటు తగ్గిపోతుంది. అసలే బిగుతుగా ఉన్న షూని పదమూడు వేల ఎనిమిది వందలు పోసి ఇంకా బిగుతు చేసుకున్నానన్నమాట. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడిచేదాన్ని. ఆర్ట్స్ కాలేజీ కనబడేసరికి రెండు కాళ్లూ మొద్దుబారేవి. పాదం మధ్యలో గులకరాయి మీద అడుగేస్తున్నట్టుండేది. ఫోన్ చేసి అడిగితే "అలవాటవుతుంది మేడమ్, రెండు వారాలు" అన్నారు. రెండు నెలలు చూశాను.

విడుదల వానల వల్ల వచ్చింది. ఆగస్టులో ఒక రోజు షూ తడిసి ముద్దయితే ఇన్‌సోళ్లు తీసి బాల్కనీలో ఆరేశాను. మర్నాడు హడావుడిలో అవి వేసుకోవడం మరిచిపోయి జిమ్‌కి వెళ్లిపోయాను. కంపెనీ వాళ్లిచ్చిన పల్చటి అట్టలు ఎప్పుడో పారేశాను కాబట్టి లోపల ఏమీ లేదు, కుట్లు తగులుతున్నాయి. అయినా ఆ గంటలో ఒక్కసారి కూడా షూ విప్పి వేళ్లు నలుపుకోలేదు. బండి స్టార్ట్ చేస్తూ ఆ సంగతి గమనించి, ఏమైందా అని అక్కడే షూ విప్పి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్‌సోళ్లు బాల్కనీలో ఉన్నాయి.

పొడవు పెంచితే వెడల్పు వస్తుందా

ఇక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటారేమో. ఈసారి అందరూ ఇచ్చే సలహానే పాటించాను. బిగుతుగా ఉంటే ఒక సైజు పెద్దది కొనుక్కోమంటారు కదా. యూకే లెక్కలో సైజుకీ సైజుకీ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వెడల్పు దాంతోపాటు పెరుగుతుంది, కానీ కొసరు పెట్టినట్టు. రెండు మిల్లీమీటర్ల వెడల్పు కోసం ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు మోయాలి.

మోయడం అంటే ఏంటో తార్నాక మెట్రో మెట్ల మీద తెలిసింది. మన పాదం వేళ్ల మొదట్లో వంగుతుంది. షూ కూడా అక్కడే వంగేలా తయారుచేస్తారు. పొడవు షూ వేసుకుంటే అది వంగే చోటు మన వేళ్ల మీదికి జరుగుతుంది. అడుగు సరిగ్గా లేవదు. పై మెట్టు అంచుకి షూ ముక్కు తగిలి, రెయిలింగ్ దొరికింది కాబట్టి నేను ఆగాను, చేతిలో లంచ్ బ్యాగు ఆగలేదు. పప్పు డబ్బా మూత ఊడి ఎనిమిది మెట్లు దిగింది. వెనకొచ్చే కాలేజీ పిల్ల పాపం టిష్యూ పేపర్లు ఇచ్చింది. పైగా ముందు వదులు కోసం కొన్న షూలో మడమ ఊగులాడి ఇప్పుడు మడమ వెనక పొక్కులు. చిటికెన వేలికి మాత్రం అదే పాత కథ.

చెప్పులు కుట్టే ఆయన దగ్గరికీ వెళ్లాను, తార్నాక చౌరస్తా దగ్గర చెట్టు కింద కూర్చుంటాడు. షూ తీసుకుని లోపల చెయ్యి పెట్టి, వేలితో పక్కకు తోసి చూశాడు. "తోలు అయితే కర్ర అచ్చు పెట్టి రెండు రోజులు ఉంచుత. ఇది జాలీ మీద ప్లాస్టిక్ అతికించిన్రు. సాగదు" అన్నాడు. ఇరవై ఏళ్లలో నా షూని పక్కవైపు పరీక్షించిన మొదటి మనిషి ఆయనే. కావాలంటే ఆ ప్లాస్టిక్ పట్టీ కోసి, లోపల మెత్తటి గుడ్డ కుడతానన్నాడు. ఎనభై రూపాయలు. కోయించాను. అందం పోయింది గానీ ఆ జత ఇంకో ఐదు నెలలు వాడాను.

ఇంకొకటి, మగవాళ్లు రాసే షూ సలహాల్లో ఎన్నడూ కనబడనిది, మెట్టెలు. ముందువైపు సన్నగా ఉండే షూలో వేళ్లన్నీ ఒకదాని మీదికొకటి వస్తే రెండో వేలికున్న వెండి చుట్టు అటు బొటనవేలినీ ఇటు మూడో వేలినీ కోస్తుంది. పరుగెత్తినా, కాలు ముందుకేసి మోకాళ్లు వంచే వ్యాయామం చేసినా మరీను. మా జిమ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో సగం మంది లాకర్ గదిలో మెట్టెలు తీసి పర్సు జిప్పులో వేసుకుంటారు, మళ్లీ ఇంటికి వెళ్లేలోపు పెట్టుకుంటారు. ఒకసారి మరిచిపోయి ఇంటికెళ్తే మా అత్తగారు ఏమీ అనలేదు, నా కాళ్ల వైపు చూసి టీవీ సౌండ్ పెంచారు. వేళ్లు ఇరుక్కోని షూ దొరికాక ఇప్పుడు తీయాల్సిన పని పడటం లేదు. ఇదో గొప్ప లాభమని షూ కంపెనీ ఏదీ ప్రచారం చేసుకోదు.

జెంట్స్ సెక్షన్

ఒక శనివారం పాత న్యూస్‌పేపర్ మీద నిలబడి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని మా అమ్మాయి చేత పాదం గీయించుకున్నాను. సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చాక. పొద్దుటికీ సాయంత్రానికీ పాదం కాస్త ఉబ్బుతుంది, మన ఎండాకాలంలో ఇంకాస్త. పొడవు 24.4, వెడల్పు ఆ 10.1. ఆ బొమ్మని కత్తిరించి నా దగ్గరున్న షూ లోపలి అట్ట మీద పెడితే రెండు పక్కలా పాదం బయటికొచ్చింది, దోసె పెనం దాటినట్టు. షూ అట్టని బయటికి తీసి దాని మీద నిలబడి చూడటం ఇప్పటికీ నాకు తెలిసిన అన్నిటికంటే మంచి పరీక్ష. పాదం అట్ట దాటిందా, ఆ షూ మనది కాదు. యంత్రం అక్కర్లేదు.

ఈ వెడల్పు గొడవ కొత్తదేమీ కాదు. 1920ల్లోనే అమెరికాలో సిరక్యూస్ అనే ఊళ్లో ఒక షూ షాపు యజమాని కొడుకు చార్లెస్ బ్రానాక్ పాదం కొలిచే పరికరం తయారుచేశాడు. అది మడమ నుంచి వేళ్ల కొసకీ, మడమ నుంచి వేళ్ల మొదలుకీ, అడ్డంగానూ మూడు కొలతలు తీస్తుంది. వెడల్పుకు అక్షరాలుంటాయి. మగవాళ్ల మామూలు వెడల్పు డి, దానికి పైన 2ఈ, 4ఈ. ఆడవాళ్ల మామూలు వెడల్పు బి. ఆడవాళ్లకు డి అంటేనే వెడల్పాటి రకం. న్యూ బ్యాలెన్స్, బ్రూక్స్, ఏసిక్స్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లు ఈ వెడల్పుల్లో చేస్తాయి. అవి మన షాపుల అరల్లో కనబడటం అరుదు. డబ్బా మీద మనకు కనబడే సైజు అంకె పొడవుది మాత్రమే.

ఇది చదివాక లెక్క తట్టింది. ఆడవాళ్ల వెడల్పాటి రకమూ, మగవాళ్ల మామూలు రకమూ ఒకే అక్షరం. యూకే అంకె ఆడామగా ఇద్దరికీ దాదాపు ఒకటే. మగవాళ్లకు ఆరో నంబర్ దొరుకుతుంది, నాది అదే పొడవు. మర్నాడే ఆబిడ్స్‌లో ఒక షాపుకి వెళ్లి నేరుగా కుడివైపు తిరిగాను.

"మేడమ్, లేడీస్ అటువైపు."

"తెలుసు బాబూ. ఇందులో ఆరు తీయి."

"సార్‌కా?"

"నాకే."

వాడు తీసుకొచ్చాడు గానీ మొహంలో అనుమానం పోలేదు. నలుపు, బూడిద రంగు, గులాబీ గీత ఒక్కటి కూడా లేని షూ. అట్ట తీసి నిలబడ్డాను, అంచుకి అంచు సరిపోయింది. తొడుక్కుని షాపంతా ఒక చుట్టు తిరిగి, మెట్లు ఎక్కి దిగాను. చిటికెన వేలు ఉందన్న సంగతే తెలియలేదు. నాలుగువేల ఐదు వందలు. ఏ సపోర్టూ లేని మామూలు షూ. ఒక లోటు మాత్రం ఉంది. మగవాళ్ల షూలో మడమ చోటు కూడా వెడల్పే, నా మడమ కాస్త ఊగింది. లేసు చివరి రంధ్రాల్లో ఉచ్చులా వేసి, అటు కొస ఇటు ఉచ్చులోంచి తీసి లాగితే మడమ కదలకుండా కూర్చుంది. ముందువైపు మొదటి జత రంధ్రాలు వదిలేసి లేసు కట్టుకుంటే ఇంకొంచెం చోటు వచ్చింది.

బరువులెత్తే రోజుల్లో ఆ షూ కూడా వేసుకోను. పరుగు షూల మెత్తటి నురుగు మీద నిలబడి, భుజాల మీద బార్ పెట్టుకుని స్క్వాట్ చేస్తుంటే పరుపు మీద నిలబడ్డట్టు పాదం ఊగుతుంది. చదును పాదమైతే లోపలికే ఊగుతుంది. సాక్స్‌తో చేస్తానంటే జిమ్‌లో ఒప్పుకోరు. స్కూల్ పిల్లల పీటీ షూ లాంటి పల్చటి కాన్వాస్ జత, అడుగు చదునుగా ఉండేది, ఒకటి జిమ్ బ్యాగులో పడేశాను. ట్రైనర్ అబ్బాయి మొదట నవ్వాడు. ఇప్పుడు తనూ అలాంటిదే కొనుక్కున్నాడు, నా వల్లే అని ఒప్పుకోడు.

మూడో అంతస్తు ఆంటీ

ఇప్పుడు నా వాదనకు అడ్డొచ్చే సంగతులు.

కొత్త షూ దొరికిన ఉత్సాహంలో నేను కనబడిన ప్రతివాళ్లకూ ఇన్‌సోళ్లు అవతల పారేయమని చెప్పడం మొదలుపెట్టాను. మా మూడో అంతస్తు ఆంటీకి యాభై ఎనిమిదేళ్లు. లిఫ్టులో కలిసి, ఎడమ కాలు ఈ మధ్య చదునుగా అయిపోతోంది, చీలమండ లోపలివైపు నొప్పిగా ఉంది అన్నారు. నేను వెంటనే నా ఉపన్యాసం ఇచ్చాను. అదృష్టం కొద్దీ ఆవిడ నా మాట వినలేదు, ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లారు. పిక్క నుంచి చీలమండ లోపలివైపుగా దిగి పాదం వంపుని నిలబెట్టే స్నాయువు ఒకటుంది, కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది, అది దెబ్బతిన్నదట. ఆయన ఇచ్చిన సపోర్టు, కట్టు, వ్యాయామాలతో నాలుగు నెలల్లో తేరుకున్నారు. నేను చెప్పినట్టు చేసి ఉంటే ఆ కాలు ఇంకా కిందికి దిగిపోయేది. ఇప్పటికీ లిఫ్టులో ఆవిడ కనబడితే ఎలా ఉంది కాలు అని అడగడానికి నాకు కొంచెం సిగ్గే.

అంచేత ఇది రాసిపెడుతున్నాను. పుట్టుకతో రెండు పాదాలూ చదునుగా ఉండి నొప్పి లేకపోవడం వేరు. పెద్దయ్యాక ఒక్క పాదం కొత్తగా చదునవడం, లోపలివైపు నొప్పి, వాపు, మునివేళ్ల మీద లేవలేకపోవడం పూర్తిగా వేరు. షుగర్ ఎక్కువై పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల లెక్క ఇంకా వేరు, వాళ్లకు షూ బిగుతు కూడా తెలియదు. వీళ్లెవరికీ నా వ్యాసం పనికిరాదు, డాక్టర్ కావాలి.

రెండో అనుమానం నా మీద నాకే. షూ మార్చిన ఆ ఆరు నెలల్లోనే ఐదు కిలోలు తగ్గాను, రోజూ మునివేళ్ల మీద లేచే వ్యాయామం కూడా చేశాను. మోకాళ్లు తేలికపడింది షూ వల్లా, కిలోల వల్లా, పిక్కల వల్లా? విడదీసి చెప్పలేను. చిటికెన వేలు మాత్రం షూ వల్లే. అది మొదటి రోజే ఆగిపోయింది.

మరి ఆర్చ్ సపోర్ట్ మాటేమిటి, అంతమంది ఊరికే చెబుతారా అనొచ్చు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీద 2009, 2010 ప్రాంతంలో పరీక్షలు చేశారు. ఒక గుంపుకి పాదం అచ్చు చూసి, చదును పాదానికి ఒక రకం, ఎత్తు వంపుకి ఇంకో రకం షూ ఇచ్చారు. ఇంకో గుంపుకి అచ్చు చూడకుండా అందరికీ ఒకే రకం స్టెబిలిటీ షూ ఇచ్చారు. ఆర్మీ, వైమానిక దళం, మెరైన్ దళం మూడు చోట్లా గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2015లో కెనడాలోని కాల్గరీ శాస్త్రవేత్త బెన్నో నిగ్, ఆయనతోటి వాళ్లు, షూ ఎంపికకు సౌకర్యాన్నే గీటురాయిగా తీసుకోవాలని రాశారు, తొడుక్కుంటే హాయిగా ఉందా లేదా అని. కుర్ర సైనికుల ఫలితం నలభై మూడేళ్ల ఆడమనిషికి అచ్చంగా వర్తిస్తుందని నేననను. కానీ పాదం అచ్చు చూసి షూ రకం తేల్చేసే ఆ రంగుల యంత్రం మీద నాకున్న గౌరవం మాత్రం తగ్గింది.

మన దగ్గరి పరిశోధన ఒకటి ఇంకా ఆసక్తికరం. కర్ణాటక డాక్టర్లు ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదాల అచ్చులు చూసి 1992లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలు. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందికి ఫ్లాట్ ఫుట్ ఉంటే, పాదరక్షలు వేసుకునేవాళ్లలో 8.6 శాతం. వాటిలోనూ మూసి ఉండే షూ వేసుకునేవాళ్లలో ఎక్కువ, చెప్పులవాళ్లలో తక్కువ. దీన్ని పట్టుకుని షూలు వదిలేసి ఉట్టికాళ్లతో నడవమనేవాళ్లు ఈ మధ్య బయల్దేరారు. నలభై దాటాక ఉట్టికాళ్లతో నడిస్తే కొత్త వంపు పుట్టుకొస్తుందని ఆ పరిశోధన ఎక్కడా అనలేదు. పైగా మే నెల హబ్సిగూడ ఫుట్‌పాత్ మీద, అదీ ఫుట్‌పాత్ అనేది ఉన్న చోట, ఎవరైనా నడిచి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.

అరవై మూడు డబ్బాలు

వెడల్పు రకాలు ఎందుకు పెట్టరని ఆబిడ్స్ షాపు ఓనర్‌నే అడిగాను. రెండోసారి వెళ్లినప్పుడు. ముందు నవ్వి, తర్వాత కాలిక్యులేటర్ తీశాడు. "ఒక్క మోడల్‌కి ఏడు సైజులు. మూడు రంగులు. ఇరవై ఒక్క డబ్బాలు. మీరు చెప్పినట్టు మూడు వెడల్పులు పెడితే అరవై మూడు. గోడౌన్ ఎక్కడుందమ్మా? సీజన్ అయిపోయాక మిగిలినవి నా నెత్తి మీదే గదా." దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కంపెనీ వైపు నుంచి మారాలి తప్ప అంత చిన్న షాపు మోయలేని బరువు అది.

ఒక దారి కనబడుతోంది. మన షూలకు వాడేవి యూకే, యూరప్, అమెరికా సైజులు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల దాదాపు లక్షా రెండువేల మంది పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాలు వెడల్పని తేలింది. దాన్ని బట్టి ఎనిమిది సైజులతో 'భ' అనే కొత్త కొలమానం ప్రతిపాదించారు, అర సైజుల అవసరం కూడా ఉండదట. అది షాపుల్లోకి ఎలా వస్తుందో చూడాలి. కానీ ఆ వార్త చదివిన రోజు నాయనమ్మ గుర్తొచ్చింది. వెడల్పు నా ఒక్కదాని తప్పే అయితే లక్ష మందిని కొలిచినా కనబడేది కాదుగా.

మా నాన్న చిన్నప్పుడు నల్గొండ దగ్గర వాళ్ల ఊళ్లో కిర్రు చెప్పులు కుట్టేవాళ్లట. కాలు నేల మీద పెట్టించి చుట్టూ పుల్లతో గీసి, ఆ కొలతకే తోలు కోసేవారు. నాన్నకి షూ బాధ ఎన్నడూ లేదు, రిటైరయ్యేదాకా శాండిల్సే వేసుకున్నారు. ఆయన పాదాలు నాకంటే వెడల్పు. "నీకు నా కాళ్లే వచ్చాయి" అంటారు. గర్వంగానే అంటారనుకుంటాను.

పోయిన వారం నా నలుపు బూడిద జత అడుగు అరిగిందని, అదే మోడల్ అదే నంబర్ ఇంకొకటి తెమ్మని ఆబిడ్స్ షాపుకి ఫోన్ చేశాను. పాతది ఆగిపోయిందట, కొత్త వెర్షన్ వచ్చిందట. "సేమ్ మేడమ్, కలర్ ఒక్కటే చేంజ్" అన్నాడు. వెళ్లి అట్ట తీసి నిలబడ్డాను. చిటికెన వేలు సగం బయట ఉంది. షాపు అబ్బాయి కూడా వంగి చూసి, "అరె, నిజమే మేడమ్" అన్నాడు. ఆ తర్వాత పక్కన ఎవరూ లేరని చూసుకుని, తన చెప్పు విప్పి, అదే మోడల్‌లో తన సైజు అట్ట తీసి దాని మీద నిలబడ్డాడు. వాడిదీ బయటికే ఉంది.

కాగితం పాదం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. వచ్చే శనివారం సికింద్రాబాద్ వైపు చూడాలి.